మండువా ఇంటి పాత టేకుతో హైదరాబాద్ ఫ్లాట్‌కి డైనింగ్ టేబుల్: పగుళ్ళు రాకుండా ఎలా కట్టాలి?

పాలకొల్లు_మాస్టారు:
అందరికీ నమస్కారమండి. మా తాతగారి మండువా ఇల్లు పెంకులు జారిపోయి, గోడలు నానిపోయి, ఇంక నిలబెట్టలేం అని అన్నదమ్ములందరం అనుకుని మొన్న వేసవిలో విప్పించేసాం. వాటాల్లో నాకొచ్చిన టేకు సామానులో రెండు పెద్ద తలుపులు, ఒక ద్వారబంధం, అటక మీద పరిచిన పలకలు కొన్ని ఉన్నాయి. పలకలు అంగుళంన్నర మందం, పదకొండు అంగుళాల దాకా వెడల్పు, ఇప్పుడు డిపోల్లో ఆ వెడల్పు అడిగితే లేదంటున్నారు. పాత సామాను కొనేవాళ్ళు ఇంటికొచ్చి బేరం పెట్టారు గానీ ఇవ్వబుద్ధి కాలేదు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది, తనకి ఆ కలపతోనే ఆరుగురు కూర్చునే టేబుల్ నా చేత్తో చేసి పంపాలని ఉంది. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. స్టూళ్ళు, పుస్తకాల రాక్‌లు చేసిన అలవాటుంది, ఇంత పెద్ద పలక అతకడం మాత్రం ఇదే మొదలు. మాది కాలవ గట్టు మీద ఇల్లు, శ్రావణం భాద్రపదం వచ్చాయంటే బీరువా తలుపు కూడా పట్టేస్తుంది. వాళ్ళ ఫ్లాట్‌లో ఏమో ఏసీ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ చేసిన టేబుల్ అక్కడికెళ్ళి పగలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? ఇంకోటండి, పెరట్లో పనస చెట్టు గాలికి పడిపోయింది, దుంగ అలాగే ఉంది, దాన్ని కాళ్ళకి వాడొచ్చా?

భీమవరం_బుల్లోడు:
మాస్టారూ మీరు అదృష్టవంతులండి, ఆ సైజు పలకలు ఇప్పుడు డబ్బిచ్చినా రావు. మా పెదనాన్నగారు వడ్రంగం చేసేవారు, ఆయన ఎప్పుడూ చెప్పేవారు పాత ఇంటి కలప ఎండాల్సింది ఎండిపోయింది, ఇంక కదలదు అని. కాబట్టి భయం లేకుండా అతికించి ఫ్రేంకి స్క్రూలు బిగించెయ్యండి.

కోనసీమ_కొయ్య:
బుల్లోడు గారూ, మీ పెదనాన్నగారి మాటలో సగం నూటికి నూరుపాళ్ళు నిజమండి. పాత కలపలో లోపలి బిగువంతా ఎప్పుడో పోయి ఉంటుంది, కొత్త చెక్కలాగ మెలితిరిగిపోవడం, విల్లులా వంగడం తక్కువ. రెండో సగం మాత్రం సరి చూసుకోవాలి, ఎందుకంటే కలపకి ఎన్నేళ్ళొచ్చినా చుట్టూ ఉన్న గాలిలో తేమనిబట్టి ఉబ్బడం, తగ్గడం ఆగదు.

దానికి రుజువు మాస్టారి దగ్గరే ఉంది. ఆ పాత తలుపుల్లో ఒకటి ఎండలో పెట్టి, మధ్య పలక చట్రం గాడిలోకి దిగే చోట చూడండి. రంగు ఎక్కని పచ్చి చెక్క సన్నటి గీతలాగ పలక అంచు పొడుగునా కనపడుతుంది. వానల్లో రంగేసినప్పుడు ఆ అంచు గాడి లోపల దాక్కుని ఉంది, ఎండాకాలం పలక తగ్గేసరికి బయటికొచ్చింది. ఆ రోజుల్లో వడ్రంగులు పలకకి జిగురు గానీ మేకు గానీ పెట్టకుండా గాడిలో వదులుగా కూర్చోబెట్టింది అందుకే. టేబుల్ పైపలకని కూడా అలాగే చూడాలి మనం.

ఇప్పుడు లెక్క చెప్తాను. మన డెల్టాలో వానాకాలం ఇంట్లో ఉన్న కలపలో తేమ పద్నాలుగు పదిహేను శాతం దగ్గర నిలబడుతుంది. ఏసీ గదిలో అదే కలప తొమ్మిది దాకా దిగుతుంది. అంటే ఆరు శాతం తేడా. ముప్పై ఆరు అంగుళాల వెడల్పులో టేకు, వార్షిక వలయాలు పలక ముఖానికి సమాంతరంగా పడుకున్న కోత అయితే, 10 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. వలయాలు నిలువుగా ఉన్న కోత అయితే దాంట్లో సగం, 5 మిల్లీమీటర్ల చిల్లర. పొడుగు వైపు తేడా లెక్కలోకి రానంత తక్కువ. టేకు చాలా నెమ్మదస్తురాలు, మిగతా చాలా కలపలు ఇంతకంటే ఎక్కువే కదులుతాయి. కానీ 10 మిల్లీమీటర్లు తగ్గాల్సిన పలకని ఫ్రేంకి స్క్రూలతో కదలకుండా బిగించేస్తే అది తగ్గడానికి దారి లేక నిలువునా చీలుతుంది. తప్పు కలపది కాదండి.

ముందు పలకల చివర్లు చిత్రిక పట్టి వలయాలు ఎటు ఉన్నాయో చూసి సుద్దముక్కతో రాసుకోండి. నిలువు వలయాలవి పైపలకకి, మిగతావి ఫ్రేంకి.

పాలకొల్లు_మాస్టారు:
కొయ్య గారూ ఇప్పుడే వెళ్ళి తలుపు చూసానండి, మీరు చెప్పినట్టే గీత ఉంది, ఒక పక్కయితే దాదాపు పెన్సిల్ మందం. పుట్టిన దగ్గర్నుంచీ ఆ తలుపు చూస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు! ధన్యవాదాలు.

రాజమండ్రి_రంపం:
పని మొదలెట్టే ముందు రెండు జాగ్రత్తలండి. ఒకటి మేకులు. పాత కలపలో తల విరిగిపోయి లోపల ఉండిపోయినవి బోలెడు ఉంటాయి, పైకి నల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. టేకులో ఇనుము ఉన్నచోట నలుపు తిరుగుతుంది, ఆ మచ్చ పట్టుకుని వెతకండి. పాడైపోయిన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి పలక మీద మెల్లగా తిప్పితే మేకున్న చోట లాగుతుంది. కోత మిల్లుకి తీసికెళ్తే వాళ్ళు ముందు అడిగేది కూడా అదే, మేకు తగిలితే రంపం పళ్ళు పోతాయి, మనిషికి కూడా ప్రమాదం.

రెండోది రంగు, ఇది ఇంకా ముఖ్యం. ఆ తలుపుల మీద పాత ఆయిల్ పెయింట్ పూతలు ఉంటాయి కదా, ఆ కాలం రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. కాబట్టి పాత రంగు మీద శాండర్ పెట్టి పొడి లేపొద్దు, హీట్ గన్‌తో మాడ్చొద్దు. తడిపి గీకండి, లేదా రంగు తీసే మందు రాసి గీకండి, గీకిన పొట్టు కవర్లో కట్టి పడెయ్యండి, పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వొద్దు. ఉత్త టేకు పొడి కూడా చాలామందికి చర్మం మీద దురద, దద్దుర్లు తెస్తుంది, ఎన్95 మాస్కు లేకుండా శాండింగ్ వద్దు.

భీమవరం_బుల్లోడు:
నా దగ్గర యాంగిల్ గ్రైండర్ ఉందండి, దానికి పళ్ళ చక్రం వేసి పలకలు కోసుకోవచ్చు కదా? వీడియోల్లో చాలామంది చేస్తున్నారు.

రాజమండ్రి_రంపం:
వద్దు తమ్ముడూ. గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది, పళ్ళ చక్రం టేకు ముడిలో ఇరుక్కుందంటే మెషిన్ మొత్తం వెనక్కి ఎగిరి మొహం మీదకో తొడ మీదకో వస్తుంది, చెయ్యి పట్టు ఆపలేదు. ఇనుము కోసుకోడానికి అది మంచిదే. కలపకి సర్క్యులర్ సా తీసుకో, కింద గార్డు తనంతట తను మూసుకునేది. లేదంటే కోత మిల్లుకి తీసికెళ్ళు, పలకలు చీల్చడానికి వాళ్ళు తీసుకునేది పెద్ద సొమ్మేం కాదు. నీ వేళ్ళు జాగ్రత్త, ఈ విషయంలో నేను ఎవరితోనూ మొహమాటపడను.

గౌతమి_గట్టు:
కాకినాడ ఫ్లాట్ బాల్కనీలో చేతి పనిముట్లతోనే చేస్తానండి నేను, మెషిన్ చప్పుడు చేస్తే పక్కవాళ్ళు ఊరుకోరు. బుల్లోడు తమ్ముడికీ కొత్తగా మొదలెట్టేవాళ్ళకీ నా సలహా, ముందే మెషిన్లకి డబ్బు పెట్టొద్దు. చిత్రిక పట్టడానికి ఒక జాక్ ప్లేన్, ఐదో నంబరుది, ఒక మంచి చేతి రంపం, ఉలులు మూడు చాలు, 6, 12, 25 మిల్లీమీటర్లవి. ఒక మూలమట్టం. అన్నిటికంటే ముందు పదును పెట్టుకునే రాళ్ళు. కొత్త ఉలి కొట్లోంచి తెచ్చిన వెంటనే కోయదు, ముందు వెనక వైపు రాయి మీద అద్దంలా మెరిసేదాకా చదును చెయ్యాలి, ఆ తరవాత ఏటవాలు 25 డిగ్రీల్లో రుద్ది చివరి కొస మాత్రం 30 దగ్గర. రుద్దుతుంటే వెనక వైపు అంచున సన్నటి పొర లేస్తుంది, బొటనవేలు పదునుకి అడ్డంగా బయటికి లాగితే గరగరమని తగులుతుంది. అది అంచు పొడుగునా సమానంగా తగిలిందంటే ఆ రాయి పని అయిపోయినట్టు, ఇంకా సన్న రాయికి వెళ్ళొచ్చు. ఆఖర్న తోలు ముక్క మీద లాగి, చెక్క చివరి ముఖం మీద పెట్టి తోస్తే పొడి రాలకుండా వెన్నలా చుట్ట లేచిందంటే పదును కుదిరింది.

సముద్రం గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, పని అయ్యాక కుట్టు మిషన్ నూనె గుడ్డతో తుడిచి పెట్టండి, పెట్టెలో సిలికా జెల్ సంచులు పడెయ్యండి.

తాళ్ళరేవు_నావ:
నావలు కట్టే ఊరు మాది. ఒడ్డున ఎక్కువ రోజులు ఉంచిన నావ పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి, నీళ్ళలోకి దింపిన కాసేపటికి కొంచెం నీరు ఊరినా కలప ఉబ్బి సందులు తనే మూసుకుంటుంది. ముసలి కలపయినా అంతే, కొయ్య గారు చెప్పింది మా వాళ్ళకి రోజూ కంటి ముందు జరిగేదే.

పనస గురించి అడిగారు కదా మాస్టారూ. మంచి కలపండి, బొబ్బిలి వీణలు చేసేది పనసతోనే. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి వెలుతురుకి ఏళ్ళు గడిచేకొద్దీ తేనె రంగు, ఆ తరవాత గోధుమ రంగుకి తిరుగుతుంది. కానీ మీ దుంగ ఈ టేబుల్‌కి అందదు. పచ్చి దుంగ, అంగుళం మందానికి ఏడాది ఆరాలి, కాలు మూడంగుళాల మందం కావాలంటే మూడేళ్ళ మాట. ఇప్పుడు చెయ్యాల్సింది ఆలస్యం చెయ్యకుండా కోయించడం, దుంగగా ఉంచేస్తే చివర్లు పగిలి, బెరడు కింద ఉండే తెల్లచెక్కలో పురుగు పడుతుంది. పలకలుగా కోసిన రోజే రెండు చివర్లకీ మైనం గానీ మిగిలిపోయిన పెయింట్ గానీ దట్టంగా పూయండి, చివర్ల నుంచి తేమ పదింతలు వేగంగా పోతుంది కాబట్టే ముందు అక్కడ పగులుతుంది. నేలకి ఒకటిన్నర అడుగు ఎత్తులో ఇటుక దిమ్మలు కట్టి, పలకకీ పలకకీ మధ్య ఒకే మందం బద్దెలు, అడుగున్నరకొకటి, పైన కిందా బద్దెలు ఒకే వరసలో వచ్చేలాగ. నీడ ఉండాలి, గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. తెల్లచెక్క ఉన్న పలకలకి బోరిక్ యాసిడ్, బొరాక్స్ నీళ్ళలో కలిపి పేరుస్తున్నప్పుడే పట్టించండి. లోపలి చేవకి చెదపురుగు అంత తొందరగా అంటదు, తెల్లచెక్కని మాత్రం వదలదు.

కోనసీమ_కొయ్య:
నావ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. బద్దెలు పచ్చి కర్రవి వాడొద్దు, పలక మీద మచ్చలు దిగుతాయి. ఎండిన సర్వి (సరుగుడు) బద్దెలు బాగుంటాయి, అవి మన దగ్గర ఎక్కడైనా దొరుకుతాయి.

రాజోలు_రైతు:
మధ్యలో వస్తున్నాను క్షమించండి. 1996 నవంబరు తుపానుకి మా చుట్టుపక్కల పడిపోయిన కొబ్బరి చెట్లకి లెక్కే లేదు, అప్పుడు మా నాన్న కొన్ని కోయించి పశువుల పాక మీదకి దూలాలు వేసారు, అవి ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు పాత తోట తీసేస్తున్నాం, కొబ్బరి కర్రతో కూడా టేబుల్ కాళ్ళు అవుతాయా?

తాళ్ళరేవు_నావ:
అవుతాయండి, కానీ మాను చుట్టూ పైన ఉన్న గట్టి భాగం వరకే. లోపలికి వెళ్ళేకొద్దీ బెండులాగ మెత్తగా ఉంటుంది, మధ్య భాగం దేనికీ పనికిరాదు. ముసలి చెట్టు, మొదలు వైపు ముక్క తీసుకోండి. కొబ్బరికి వలయాలు ఉండవు కాబట్టి ఏ వైపు కోసినా ఇంచుమించు ఒకేలా తగ్గుతుంది, అది ఒక సుగుణం. దాంట్లో ఇసుక లాంటి పదార్థం ఉండి మామూలు ఉక్కు పళ్ళు తొందరగా మొద్దుబారతాయి, కార్బైడ్ పళ్ళ చక్రంతో కోయించండి. నల్ల చారలు తేలి చాలా అందంగా ఉంటుంది. మన డెల్టాలో ఇంత కొబ్బరి ఉండి మనం దాన్ని దూలాలకీ పొయ్యికీ తప్ప వాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పాలకొల్లు_మాస్టారు:
అయితే కాళ్ళు కూడా టేకువే, ద్వారబంధం కమ్ములు నాలుగంగుళాల చదరం ఉన్నాయి సరిపోతాయి. పనస రేపే కోయిస్తాను. ఇప్పుడు నా ప్రశ్న పైపలకని ఫ్రేంకి పట్టించేది ఎలా? స్క్రూ వద్దన్నారు, మరి కూర్చోబెట్టి వదిలెయ్యలేం కదా. రెండు చివర్లా అడ్డబద్దె పెట్టాలని కూడా అనుకున్నాను, చూడ్డానికి బాగుంటుందని. అలాగే నా దగ్గర తేమ మీటరు లేదు, కొనాల్సిందేనా?

కోనసీమ_కొయ్య:
మీటరు కొంటే మంచిదే, సూదులవి వెయ్యి రెండు వేలల్లో దొరుకుతాయి, కొనకపోయినా దారి ఉంది. పలక చివరి నుంచి అరచెయ్యంత ముక్క కోసి, మొదటి రెండంగుళాలు వదిలేసి లోపలిది తీసుకోండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాసుకుని, ఓవెన్లో నూరు డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. తడి బరువులోంచి పొడి బరువు తీసేసి, వచ్చినదాన్ని పొడి బరువుతో భాగించి వందతో గుణించండి. 230 గ్రాములు ఉన్న ముక్క 200కి దిగి ఆగిందంటే తేమ 15 శాతం.

ఇంక పట్టించడం. కాళ్ళని కలిపే ఫ్రేం పట్టీల లోపలి ముఖానికి, పైఅంచుకి అరంగుళం కింద గాడి తియ్యండి. చిన్న టేకు దిమ్మలు చేసి ఒక్కోదానికి ఒక వైపు నాలుకలాగ కోయండి, నాలుక గాడిలో దూరుతుంది, దిమ్మ మాత్రం స్క్రూతో పైపలకకి. పలక తగ్గినా పెరిగినా నాలుక గాడిలో జారుతుంది, పైకి మాత్రం లేవదు. ఇక్కడ మీ విషయంలో ఒక కీలకం ఉంది, జాగ్రత్తగా చదవండి. మీరు కట్టేది తేమ చోట, అంటే పలక అప్పుడు వెడల్పుగా ఉంటుంది. హైదరాబాద్ వెళ్ళాక తగ్గుతుంది, తగ్గేటప్పుడు పొడుగు పట్టీల దగ్గర ఉన్న దిమ్మలన్నీ టేబుల్ మధ్యకి జరుగుతాయి, నాలుకలు గాడిలోంచి బయటికి వస్తాయి. కాబట్టి నాలుక 12 మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా చేసి, బిగించేటప్పుడు గాడి అడుగుదాకా దాదాపు ఆనించి పెట్టండి. పక్కకి 5 జరిగినా ఇంకా 7 పట్టు ఉంటుంది. అదే ఎండాకాలం హైదరాబాద్‌లో కట్టేవాళ్ళయితే దీనికి తిరగేసి, గాడి అడుగున ఖాళీ వదలాలి. పొట్టి పట్టీల మధ్యలో మాత్రం ఒక్కో స్క్రూ గట్టిగా పెట్టండి, అప్పుడు రెండు పక్కలకీ సమానంగా జరుగుతుంది.

చివర అడ్డబద్దెలు వద్దండి మాస్టారూ. వాటి పొడుగు మారదు, పైపలక వెడల్పు తగ్గుతుంది, ఏడాది తిరిగేసరికి బద్దె చివర్లు చెరో 5 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి, పిల్లలు తిరిగే ఇల్లు. అంగుళంన్నర పాత టేకు అడ్డబద్దె లేకపోయినా చదునుగానే నిలబడుతుంది.

గౌతమి_గట్టు:
అతికించేటప్పుడు టేకులో నూనె ఉంటుంది, అంచులు చిత్రిక పట్టిన రోజే అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు పెట్టండి, రేపు చూద్దాం అంటే నూనె మళ్ళీ పైకి ఊరుతుంది. నీళ్ళకి ఆగే రకం జిగురు తీసుకోండి. రెండు పలకల అంచులూ పుస్తకం మూసినట్టు పక్కపక్కన పట్టి ఒకేసారి చిత్రిక పడితే కోణంలో చిన్న తేడా ఉన్నా రెండూ కలిపినప్పుడు సరిపోతుంది. క్లాంపులు ఒకటి పైన ఒకటి కింద వరసగా, లేకపోతే పలక వంగుతుంది.

అమలాపురం_ఆచారి:
తరతరాలుగా ఇదే పని మాది, నేనిక్కడ ఎక్కువ రాయను గానీ ఇది చదివాక సంతోషమేసింది. కాళ్ళకీ పట్టీలకీ కుసి బెజ్జం (పట్టీ చివర కోసిన నాలుక కుసి, అది దూరేందుకు కాలిలో తీసిన రంధ్రం బెజ్జం) పెట్టండి, స్క్రూల మీద ఆధారపడొద్దు. కుసి మందం పట్టీ మందంలో మూడో వంతు. బెజ్జం ముందు తియ్యాలి, కుసి దానికి సరిపెట్టాలి, తిరగేసి చేస్తే కుదరదు. కుసి చేత్తో నొక్కితే సగం దాకా వెళ్ళి మిగతాది చెక్క సుత్తితో రెండు దెబ్బలకి దిగాలి, అంతకంటే బిగువైతే కాలు చీలుతుంది. అంతర్వేది రథం 2020లో కాలిపోయాక కొత్త టేకు రథం కడుతుంటే చూడ్డానికి వెళ్ళాను, అంత పెద్ద పనిలోనూ బెజ్జం దగ్గర మనిషి చూసుకునేది ఇదే.

పాలిష్ కార్తీకం వెళ్ళేదాకా ఆగండి మాస్టారూ. గాలిలో తేమ ఉన్నప్పుడు లక్క గానీ లాకర్ వార్నిష్ గానీ వేస్తే తెల్లగా పొగ కమ్మినట్టు అవుతుంది. సంక్రాంతి తరవాత పొద్దెక్కాక వేసుకుంటే బాగా వస్తుంది. అన్నం తినే బల్ల కాబట్టి లక్క పాలిష్ వద్దు, వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది. పీయూ (పాలీయురిథేన్) పాలిష్ వెయ్యండి, పైన ఎన్ని పూతలో కిందా అన్ని పూతలు, ఒక వైపే వేస్తే రెండో వైపు తేమ తాగి పలక దోనెలాగ అవుతుంది.

రాజమండ్రి_రంపం:
అవిసె నూనె ఎవరైనా వాడితే ఆ గుడ్డలు ఉండ చుట్టి మూల పడెయ్యొద్దు, ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరెయ్యండి లేదా నీళ్ళ బకెట్లో వెయ్యండి.

భీమవరం_బుల్లోడు:
పెదనాన్నగారి ఉలులు అటక మీద ఉన్నాయి, దింపి రాయి మీద పెట్టాను. గౌతమి అక్కా మీరు చెప్పిన పొర తగిలిందండి! మాస్టారూ టేబుల్ అతికించే రోజు కబురు చెయ్యండి, భీమవరం నుంచి వచ్చేస్తాను, క్లాంపులు పట్టుకోడానికి మనిషి కావాలి కదా.

పాలకొల్లు_మాస్టారు:
తప్పకుండా రావాలి బాబూ, భోజనం మా ఇంట్లోనే. ఆచారి గారూ, మీరు రాసింది రెండు సార్లు చదివి కుసి కొలతలు నోట్‌బుక్‌లో ఎక్కించాను. చివరగా ఒక్క సందేహం. టేబుల్ మొత్తం బిగించేస్తే లిఫ్టులో పట్టదు, వాళ్ళది ఆరో అంతస్తు. కాళ్ళు విప్పేలాగ చెయ్యాలంటే కుసులు ఎలా?

అమలాపురం_ఆచారి:
పొట్టి వైపు రెండేసి కాళ్ళూ పట్టీ కుసి పెట్టి జిగురుతో శాశ్వతంగా బిగించండి. పొడుగు పట్టీలకి పొట్టి కుసి, జిగురు లేకుండా, కాలి బయటి నుంచి మంచం బోల్టు, పట్టీ లోపల నట్టు. నాలుగు బోల్టులు విప్పితే రెండు జతల కాళ్ళు, రెండు పట్టీలు, ఒక పైపలక. ఏ బోల్టు ఏ కాలిదో లోపల వైపు ఉలితో గీతలు పెట్టుకోండి. పైపలక ఆరడుగులు కాబట్టి లిఫ్టు లోపలి ఎత్తు, తలుపు ఎత్తు రెండూ అమ్మాయి గారిని కొలిచి పంపమనండి, పలక కోయక ముందే.